కూలిన చెట్టును కట్టెల పాలు చేయకుడు
కొబ్బరి, వేప, తుమ్మ మొద్దులతో మోటు బల్లలు, పీటలు

కోస్తా జిల్లాల రైతునకు పెనుగాలి క్రొత్త కాదు. 1996 నవంబరు 6న వీచిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణ ప్రాంతమున నీడ చెట్లను, తోటలను పడగొట్టినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలను ఒక్క రాత్రిలో నేలమట్టము చేసినది. ఇట్టి ప్రతి గాలివాన పిమ్మటను మన గ్రామములలో జరుగు తంతు ఒక్కటే. గాలి తగ్గిన నాలుగు దినములకు కట్టెల వర్తకుడు తోటలోనికి వచ్చును. నేల ఖాళీ అయిన చాలునను తొందరలో రైతు అతడు చెప్పిన ధరకే మొద్దులను ఇచ్చివేయును. అతడు వలదన్నవి గట్టున పడియుండి రెండు వానలకు పుచ్చిపోవును. ఏడాది తిరుగకుండ అదే రైతు ఇంటికి బెంచీ కావలసివచ్చి, పట్టణమునకు పోయి డబ్బు పోసి కొనితెచ్చును.

చెట్టు పోవుట గాలి చేసిన నష్టము. మాను కూడ పోవుట మనము చేసికొను నష్టము. ముప్పది, నలుబది ఏండ్లు పెరిగిన మాను కూలిన తరువాత కూడ అందులోని చేవ అట్లే యుండును. దానిని సకాలములో కోసి, మందు పట్టించి, నీడన ఆరబెట్టినచో అరుగు మీద బల్లలు, పొలము పాకలో పీటలు, బడిపిల్లలకు బెంచీలు తయారగును. ఇందులకు నగిషీ పని అక్కరలేదు. ఊరి వడ్రంగికి తెలిసిన మోటు పనియే చాలును.

మొద్దు తోటలో నిలువ యుండరాదు

ఈ విషయము వ్యవసాయ శాఖకు ఏల అని కొందరు రైతులు అడుగవచ్చును. కారణము కలదు. కొబ్బరి తోటలో కుళ్ళుచున్న మొద్దు కొమ్ము పురుగునకు పుట్టినిల్లు. ఈ పురుగు పెంటకుప్పలలోను, కుళ్ళిన కొబ్బరి మానులలోను గ్రుడ్లు పెట్టును. తెల్లని లావుపాటి పిల్ల పురుగులు ఆ కుళ్ళును తినుచు అందే పెరుగును. గ్రుడ్డు మొదలు రెక్కల పురుగు వరకు సుమారు ఆరు నెలలు పట్టును. అనగా అక్టోబరులో కూలిన మాను లోపలనుండి వచ్చు ఏడాది వేసవికి పురుగులు బయలుదేరి, గాలికి తట్టుకొని నిలిచిన చెట్ల మొవ్వులను, క్రొత్తగా నాటిన మొక్కలను తొలుచును. విచ్చుకొన్న ఆకు కత్తిరించినట్లు త్రిభుజాకారముగా తెగియుండుట దీని గుర్తు. పచ్చి గాయములకు ఎర్ర ముక్కు పురుగు కూడ చేరును.

తుపానులో సగము తోట పోయిన రైతునకు మిగిలిన సగమే ఆధారము. తిరిగి నాటిన దేశవాళీ మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు ఏండ్లు పట్టును. కావున మొద్దులను తోటనుండి తొలగించుట సస్యరక్షణలో మొదటి మెట్టు. తొలగించిన దానిని పనికివచ్చు కలపగా మార్చుకొనుట రెండవ లాభము.

ముందు లెక్క, పిమ్మట కోత

తుపాను నష్టపు లెక్క వ్రాయు ఉద్యోగి తోటకు వచ్చి, కూలిన చెట్లను చూచి నమోదు చేయకముందు మానులను ముక్కలు చేయరాదు. చేసినచో పరిహారమునకు ఆధారము పోవును. నమోదైన పిదప ఒక్క దినము కూడ ఆలస్యము చేయరాదు. కొబ్బరి మానులో తీపి, పిండి పదార్థములు హెచ్చుగా నుండుటచే బూజు, పుచ్చు త్వరగా పట్టును. కూలిన రెండు మూడు వారములలో కోయని మాను సామానుకు తగదు. గ్రామాధికారులు ఈ గడువును మనస్సున ఉంచుకొని లెక్కను త్వరగా ముగించినచో రైతునకు రెట్టింపు మేలు చేసినవారగుదురు.

చెట్టు ఎవరిదో కూడ చూడవలెను. రోడ్డు ప్రక్కన, చెరువు గట్టున, పోరంబోకున కూలిన చెట్టు ముందుగా గొడ్డలి పెట్టినవాని సొత్తు కాదు. అది ఆయా శాఖకో, పంచాయతీకో చెందినది. పట్టా భూమిలో నిలిచియున్న చెట్టు నరుకుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి పద్ధతి కలదు. కూలిన మొద్దునైనను ఊరు దాటించి కోత మిల్లుకు తరలించునపుడు జాతిని బట్టి రవాణా అనుమతి అవసరము కావచ్చును. ఈ సంగతి అటవీశాఖ రేంజి కార్యాలయమున ముందుగా కనుగొనుట మేలు. ఎర్రచందనము, టేకు వంటి వాటిని ఆ శాఖకు తెలుపక ముట్టరాదు.

కూలిన చెట్టు దగ్గరకు పోవునపుడు కొన్ని జాగ్రత్తలు అవసరము. తెగిన కరెంటు తీగ దానిపై పడియున్నదేమో చూచి, విద్యుచ్ఛాఖవారు సరఫరా నిలిపినారని తెలిసిన తరువాతనే చేయి వేయవలెను. వంగి బిగిసియున్న కొమ్మను కోసినప్పుడు అది విల్లువలె లేచి కొట్టును. వ్రేళ్ళతో పెకలిన చెట్టు మాను కోయగానే మొదలు గుంటలోనికి తిరిగి పడవచ్చును. పిల్లలను ఆ దరికి రానీయరాదు. తొర్రలలో పాములుండును.

ఏ చెట్టు దేనికి

నల్లతుమ్మ చేవ మిక్కిలి గట్టిది. బండి చక్రములకు, నాగళ్ళకు మన పెద్దలు దానినే వాడిరి. కాళ్ళకు, కుసులకు, దిమ్మ పీటలకు శ్రేష్ఠము. చేవ చుట్టునున్న తెల్ల చెక్కను పుచ్చు త్వరగా తినును గనుక దానిని చెక్కివేయవలెను.

వేప పనికి లొంగును, మన్నును. ఇంటి బెంచీలకు, పెట్టెలకు అనువైనది.

చింత చేవ నల్లగా, ఇనుమువలె నుండును. రంపమునకు కష్టము. కోసినవారికి మాత్రము తరతరములు నిలుచును.

మామిడి వెడల్పైన పలకలనిచ్చును, తేలికగా చిత్రిక పట్టవచ్చును. వానకు, చెదలకు ఆగదు. ఇంటిలోపలి సామానుకు మాత్రమే, అదియు మందు పట్టించిన పిమ్మటనే వాడదగును.

తాటి, కొబ్బరి మానుల తీరు వేరు. వీటికి చేవ నడుమ నుండదు, వెలుపల నుండును. కొల్లేటి ప్రాంతమున తాటి మాను నడిమి మెత్తని భాగమును తొలిచి దోనెలు చేయుట ఈ గుణము తెలిసియే. మన తుపాను ప్రాంతములలో ఎక్కువగా కూలునది కొబ్బరియే గనుక దానిని గూర్చి విపులముగా చెప్పవలసియున్నది.

కొబ్బరి మాను కోత

కొబ్బరి కలప పనికిరాదను అభిప్రాయము మనలో చాలమందికి కలదు. పాకలకు దూలములుగా, వాసములుగా వాడి, అంతటితో విడిచిపెట్టుచున్నాము. ఫిలిప్పీన్సు దేశమున 1970 దశకము నుండి జాంబోవాంగా పరిశోధన కేంద్రము కొబ్బరి కలపపై పని చేసి, అది ఇండ్లకు, సామానుకు తగునని చూపినది. 2013 నవంబరు 8న వచ్చిన హయాన్ తుపానుకు అచ్చట లక్షలాది కొబ్బరి చెట్లు కూలినప్పుడు, ఆ మానులనే కోసి ఇండ్లు తిరిగి కట్టుకొనిరి. మన చెట్టు గుణము కూడ అదియే.

ముదురు చెట్టు మొదటి భాగములో వెలుపలి రెండు మూడు అంగుళముల కలప గట్టిగా, గోధుమరంగు నారలు దగ్గర దగ్గరగా కూడియుండును. లోపలికి పోయినకొలది మెత్తబడును. పైకి పోయినకొలది కూడ అంతే. చివరి మూడవ వంతు సామానుకు తగదు. పరీక్ష సులభము. కోసిన ముఖముపై కత్తి మొనతో గ్రుచ్చవలెను. మొన దిగనిచోటు బల్లకు, సులభముగా దిగినచోటు పొయ్యికి. లేత చెట్ల మానులు బల్లలకు ఎంచరాదు. గానోడెర్మా తెగులు సోకిన చెట్టు అయినచో కుళ్ళిన మొదటి భాగమును కోసి కాల్చివేయవలెను, మరియొక తోటలోనికి తీసికొనిపోరాదు.

మానును ఆరేసి అడుగుల ముక్కలుగా కోయవలెను. గాలికి విరిగిన మానులో పైకి కనబడని అడ్డు పగుళ్ళుండును. ముక్క కొనలను, చుట్టును నిదానించి చూచి అట్టి భాగమును తీసివేయవలెను. పిమ్మట ప్రతి ముక్కకును నాలుగు ప్రక్కల నుండి రెండేసి అంగుళముల మందమున పలకలు తీయవలెను. మొదట ఎదురెదురు ప్రక్కలు రెండు, తరువాత తక్కిన రెండు. నడుమ మిగులు చదరపు దిమ్మ మెత్తనిది. అడుగు వ్యాసము గల మానుకు ఈ విధముగా ఆరు అంగుళములకు తగ్గని వెడల్పు గల పలకలు నాలుగు వచ్చును. ఒకవైపు చదును, ఒకవైపు వంపు ఉండును. ఆ వంపును చెక్కివేయ నక్కరలేదు. మోటు సామానుకు అదియే అందము, అదియే బలము.

కొబ్బరి కలప రంపపు పండ్లను త్వరగా మొద్దుబార్చును. కోత మిల్లులో కార్బైడు పండ్లు గల బిళ్ళ ఉన్నదేమో అడుగవలెను. కోతపొడి కంటికి, ముక్కుకు మంట పుట్టించును గనుక గుడ్డ కట్టుకొనవలెను. రోడ్డు ప్రక్క చెట్లలో మేకులు, ముళ్ళతీగ దాగియుండును. అయస్కాంతమును మొద్దు చుట్టును త్రిప్పి చూచిన పిమ్మటనే రంపమునకు ఎక్కించవలెను.

మందు పట్టించుట

కోసిన నాడే మందు పట్టించవలెను. పలక పచ్చిగా నున్నప్పుడే మందు లోనికి వ్యాపించును. ఇందులకు వెలిగారము, అనగా బోరాక్సు, బోరిక్ ఆమ్లము చాలును. కొబ్బరికి బోరాను లోపము తీర్చుటకు రైతులు చెట్టు మొదట వేయు వెలిగారమే ఇది. పది లీటర్ల గోరువెచ్చని నీటిలో 600 గ్రాముల వెలిగారము, 400 గ్రాముల బోరిక్ ఆమ్లము కలిపి బాగుగా కరగనీయవలెను. గట్టి టార్పాలిన్ పరచిన పొడవాటి గుంటలో ఈ నీరు పోసి, పలకలను ఒక రాత్రి మునుగనిచ్చి తీయవలెను. తరువాత వాటిని ఒకదానిపై నొకటి దగ్గరగా పేర్చి, గాలి చొరకుండ టార్పాలిన్‌తో కప్పి నాలుగు వారములుంచవలెను. ఆ కాలములో మందు పలక లోపలికి దిగును.

చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. పశువులు, పిల్లలు ఆ నీటి దరికి పోకుండ చూడవలెను. మిగిలిన మందునీటిని చెరువులోనికి, కాలువలోనికి, పొలములోనికి వదలరాదు. బోరాను మితిమీరినచో పైరులకు హాని కలుగును. మిగిలినదానిని తరువాతి పలకలకు వాడుకొనవలెను. ఈ మందు వానకు కడిగిపోవును గనుక ఇట్టి సామానును కప్పు క్రిందనే వాడవలెను. మందు పట్టించిన చెక్కతో కుడితి తొట్లు, వంటింటి పాత్రలు చేయరాదు.

నీడన ఆరబెట్టుట

సామాను చెడుటకు ముఖ్య కారణము పచ్చి చెక్కతో పని చేయుట. ఎండలో వేసినచో పలక మెలిపడును, పగులును. పాక క్రింద, నేలకు అడుగు ఎత్తున దిమ్మలు పెట్టి, వరుసకు వరుసకు మధ్య అంగుళము మందపు కమ్మలను రెండేసి అడుగులకు ఒకటి చొప్పున ఒకే నిలువున ఉంచి పలకలను పేర్చవలెను. పైన రాళ్ళ బరువు పెట్టవలెను. నాలుగు వైపుల గాలి ఆడవలెను, వాన జల్లు తగులరాదు. కొనలకు మైనమో, రంగో పూసినచో కొనపగుళ్ళు తగ్గును.

రెండంగుళముల పలక ఆరుటకు అయిదారు నెలలు పట్టవచ్చును. ఆరినదో లేదో తెలిసికొనుటకు తక్కెడ చాలును. ఒక పలకపై గుర్తు పెట్టి వారమునకొకసారి తూచి బరువు వ్రాసియుంచవలెను. వరుసగా మూడు వారములు బరువు తగ్గనిచో పని మొదలుపెట్టవచ్చును. తుమ్మ, వేప దిమ్మలు నిదానముగా ఆరును. వాటికి ఏడాదియైనను గడువు ఇవ్వవలెను.

చేయదగిన సామాను

కొబ్బరి బెంచీ: ఆరడుగుల పలకలు రెండింటిని ప్రక్కప్రక్కల చేర్చి, చదును పైకి, వంపు క్రిందికి ఉంచవలెను. వేలు దూరునంత సందు వదలినచో నీరు, దుమ్ము నిలువవు. రెండు కొనల నుండి పదేసి అంగుళములు లోపలికి, అడుగున అడుగు పొడవు అడ్డకమ్మలు రెండు, వంపునకు సరిపడ చెక్కి బిగించవలెను. ఒక్కొక్క కమ్మకు పదునేడు అంగుళముల కాళ్ళు రెండు తగిలించి, కాళ్ళ నడుమ నేలకు ఆరంగుళముల ఎత్తున ఒక కమ్మ వేయవలెను. కొబ్బరి చెక్కకు మేకులు నేరుగా కొట్టరాదు, చీలిపోవును. బరమాతో బెజ్జము పెట్టి బోల్టులు బిగించుట ఉత్తమము.

దిట్టమైన ఒక మాను మొదటి పదునెనిమిది అడుగులలో మూడు ముక్కలు వచ్చును. రెండు ముక్కల ఎనిమిది పలకలతో నాలుగు బెంచీలకు పైబల్లలు, మూడవ ముక్కతో వాటికి కావలసిన కాళ్ళు, కమ్మలు అన్నియు సమకూరును. అనగా కట్టెల వర్తకుడు వంటచెరుకుగా కొనిపోవు ఒక్కొక్క ముదురు కొబ్బరి మానులో నాలుగు బెంచీలు ఉన్నవన్నమాట.

చీల్చిన మాను బల్ల: ఇది వేప, మామిడి, తుమ్మలకు తగినది. కొబ్బరిని ఇట్లు చీల్చరాదు, నడిమి మెత్తన పైకి వచ్చును. అడుగు వెడల్పు గల మొద్దును రెండుగా కోసి, చదునును చిత్రిక పట్టి, అడుగున బాడిసతో చెక్కి మందమును నాలుగు అంగుళములకు దించవలెను. నాలుగు చోట్ల ఒకటిన్నర అంగుళపు బెజ్జములు వెలుపలికి వాలునట్లు తొలిచి, కాళ్ళ కుసులను దూర్చి, పైనుండి కొయ్య చీల కొట్టవలెను. కాళ్ళు మాత్రము పూర్తిగా ఎండినవై యుండవలెను. పైబల్లలో కొంత పచ్చి మిగిలియున్నను అది ఆరుచు కుసిని మరింత బిగించును. కాలు పచ్చిదైనచో అది సన్నగిల్లి బల్ల కదులును.

దిమ్మ పీట: పదునారు అంగుళముల తుమ్మ లేక చింత ముక్కను బెరడు తీసి నిలబెట్టినదే పీట. బెరడు ఉంచినచో దానిక్రింద పురుగు చేరును. గుండ్రని దిమ్మ ఆరునపుడు చుట్టుకొలత వెంబడి ఎక్కువగా కుంచించుకొనుటచే నలువైపుల పగులును. ముందుగానే వెనుక ప్రక్క పై నుండి క్రిందికి నడిమి వరకు ఒక రంపపు గాటు పెట్టినచో పగులు ఆ ఒక్కచోటనే విచ్చి, తక్కిన ముఖము నిలుచును.

మెరుగు, సంరక్షణ

గరుకు కాగితముతో రుద్ది, వేడి చేసిన అవిసె నూనెను గుడ్డతో పలుచగా రెండు మూడు పూతలు పట్టించిన చాలును. ఏడాదికొక పూత వేసినచో చెక్క నునుపు చెడదు. నూనె గుడ్డలను ముద్దగా పారవేసినచో వాటియంతట అవియే అంటుకొనవచ్చును గనుక వాటిని ఆరవేసిన పిదప పారవేయవలెను. కాళ్ళ అడుగు భాగములకు జీడిగింజల పెంకు నూనె పూయవచ్చును. పడవలకు, వలలకు ఈ నూనెను వాడుట కలదు. జీడిపప్పు పరిశ్రమ గల పలాస ప్రాంతపు రైతులకు ఇది దగ్గరలోనే దొరకును. చర్మమునకు తగిలినచో బొబ్బలెక్కించును గనుక చేతి తొడుగులు లేక ముట్టరాదు, కూర్చుండు భాగమునకు పూయరాదు. కాళ్ళ క్రింద చిన్న రాతి పలకలు పెట్టినచో చెదలు ఎక్కుట తగ్గును.

మిగిలిన మెత్తని దిమ్మలు, కొన భాగములు తోటలో వదలినచో చేసిన పనియంతయు వృథా. వాటిని చీల్చి ఎండబెట్టి వంటచెరుకుగా వాడవలెను. మొదళ్ళను త్రవ్వి తీసివేయవలెను. తీయవీలుకాని కుళ్ళులోను, పెంటకుప్పలలోను పిల్ల పురుగులు కనబడినచో మెటారైజియం శిలీంధ్రమును వాడుటను గూర్చి, తోటలో లింగాకర్షక బుట్టలు పెట్టుటను గూర్చి ఉద్యాన అధికారిని సంప్రదించవలెను.

పంచాయతీలకు ఒక మాట

ఒక్క రైతు ఒక్క మానుకై రంపపు మనిషిని పిలుచుట భారము. పది పదిహేను మంది కలిసి మొద్దులను ఒకచోట చేర్చినచో కోత కూలి, మందు ఖర్చు, బండి బాడుగ పంచుకొనవచ్చును. మందు గుంట, ఆరబెట్టు పాక ఊరికొకటి చాలును. పంచాయతీ స్థలములో కూలిన చెట్లను తక్కువ పాటకు వదలుటకు ముందు, బడికి, అంగన్‌వాడీకి, పంచాయతీ కార్యాలయమునకు ఎన్ని బెంచీలు కొరతగా నున్నవో సర్పంచులు, కార్యదర్శులు లెక్క వేసి, ఆ మేరకు మొద్దులను నియమ ప్రకారము తీర్మానముతో నిలుపుకొనవచ్చును. తుపాను పిమ్మట పని లేని వడ్రంగికి, కూలివారికి అదే సమయమున పని దొరకును. ఊరి డబ్బు ఊరిలోనే నిలుచును.

గాలివాన ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. వచ్చినప్పుడు తొట్రుపడకుండ ముందే సిద్ధముగా నుండుట మన చేతిలో కలదు. దగ్గరలోని కోత మిల్లు ఎక్కడ, వెలిగారము ఎచ్చట దొరకును, ఎవరి పాకలో పలకలు పేర్చవచ్చును అను మూడు విషయములను రైతు సోదరులు ఈ వేసవిలోనే మాటలాడుకొని నిర్ణయించుకొనవలెను. అక్టోబరు, నవంబరు మాసములలో గాలి లేచిన తరువాత ఆలోచించుటకు వ్యవధి చిక్కదు. కూలిన మానుకు మాత్రము మూడు వారములే గడువు.